అవ్వ ఫ్యాను, బొగ్గు గూడ్సు



స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. సింగరేణి బొగ్గు గూడ్సు పోతుంటే ఇంటి రేకులు అదురుతాయి.

2015 మే. అవ్వ కరువు పనికి పోయింది. ఆ పనిలో కూలి తవ్విన మట్టి కొలతను బట్టి. ఎండకు గడ్డపార నెమ్మదిస్తే కూలీ తగ్గుతుంది. పనిచోట నీడ, తాగునీళ్ళు ఉండాలని 2005 ఉపాధి చట్టంలోనే ఉండేది. అక్కడ నీడంటే ఒక తుమ్మచెట్టు. అవ్వ కళ్ళు తిరిగి పడిపోయింది. బతికింది. ఆ వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా పోయారు. ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే.

ఆ రాత్రి ఆమెకు ఊపిరి పోసింది ఫ్యాను. అది తిరిగింది ఎక్కువగా బొగ్గు కరెంటుతోనే. ఎండను పెంచుతున్నదీ ఆ బొగ్గు పొగే.

"భూమి బతకాలంటే ఎదుగుదల ఆపాలి" అని ఓ మిత్రుడు మా ఇంట్లో కూర్చుని అన్నాడు. అవ్వ విన్నది. "నాకున్నది ఒక్క ఫ్యాను బిడ్డా. ఏది ఆపుమంటవ్?"

ఆపాల్సింది ఫ్యాను కాదు, బొగ్గు. అది సాధ్యమే. బ్రిటన్‌లో 1990 నుంచి ఆర్థిక వ్యవస్థ పెరిగింది, కర్బన ఉద్గారాలు దాదాపు సగమయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో చివరి బొగ్గు కరెంటు కేంద్రం మూసేశారు. కాకపోతే వాళ్ళు వాడే సరుకుల్లో చాలావాటి పొగ ఇతర దేశాల ఖాతాలో పడుతుంది. ఆ లెక్క మరువొద్దు.

మన రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం పక్కనే, రిజర్వాయర్ నీళ్ళ మీద 100 మెగావాట్ల సోలార్ 2022లో పూర్తయింది. నీళ్ళ మీద కాబట్టి పొలం పోలేదు. నేల మీద పలకలు పరచాల్సి వస్తే ఎవరి భూమి అడుగుతారు? మనకు దక్కిన అసైన్డ్ ఎకరమే ముందు పోతుందని నా భయం.

ఎదుగుదల కూడా అందరి ఇంటికీ ఒక్కతీరుగా రాలేదు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. బోరు ఉన్నోళ్ళకు నీళ్ళు పారాయి. భూమి లేని అవ్వకు నాట్ల కూలి దొరికింది. ఎండ మాత్రం ముందు ఆమె నెత్తి మీదికే వచ్చింది.

అందుకే అడుగుదాం. వడగాడ్పు రోజుల్లో కొలత చూడకుండా పూర్తి కూలి ఇవ్వాలి. సోలార్‌కు భూమి కావాలంటే కౌలుకు తీసుకోవాలి, పట్టా మన పేరునే ఉండాలి. గని మూసే ముందే కాంట్రాక్టు కార్మికుడికి వేరే పని చూపాలి.

1927లో మహాడ్ చెరువు నీళ్ళ కోసం బాబాసాహెబ్ నడిచారు. ఇప్పుడు నీడ కోసం మనం నడవాలి.