తల్వార్ ఎప్పుడివ్వాలి?

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆపా పిల్లలు, చెల్లెలి పిల్లలు పరిగిలో అమ్మీ దగ్గరికొచ్చారు. వాళ్ల చేతుల్లోంచి ఫోన్లు దించాలని ఒక ఆట నేర్పాను. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో పుట్టింది. ఒకరు దాస్తాన్ చెప్తారు. మిగతావాళ్లు అందులో సిపాయీలు, జాదూగర్లు అయిపోయి తామేం చేస్తారో చెప్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అమ్మీ పాచికల్ని ఇంట్లోకి రానివ్వదు. అందుకని 1 నుంచి 20 దాకా చీటీలు రాసి బిస్కెట్ల డబ్బాలో వేశాం. అమ్మీ ఖుష్, మేమూ ఖుష్.

ఖిస్సా మొత్తం పెనుకొండ ఖిల్లాలో పెట్టాను. మొదటి రోజే గల్తీ చేశాను. ఆపా కొడుక్కి పద్నాలుగేళ్లు. వాడి షౌక్ చూసి మురిసిపోయి, మంటలు కక్కే తల్వార్ ఇచ్చేశాను. 2014 నాటి రూల్ పుస్తకంలో దాని పేరు ఫ్లేమ్ టంగ్. మామూలు కత్తి దెబ్బకు తోడు మంట దెబ్బ సగటున ఇంకో 7 కలుస్తుంది. ఖిల్లా కాపలా కాసే గాబ్లిన్‌కి, మా పిల్లలు పెట్టిన పేరుతో చెప్పాలంటే చోటా దేవ్‌కి, ఉన్న ప్రాణమే 7. ఇంకేముంది! వాడు చీటీ తీయడం, దేవ్ ఖతం.

మూడో రోజు మగ్రిబ్ తర్వాత డబ్బా తెస్తే చెల్లెలి కూతురు రాలేదు. వాకిట్లో మేకపిల్లకు ఆకులు పెడుతూ కూర్చుంది. పిలిస్తే తల ఎత్తకుండానే, "భాయ్‌జాన్ మారేతో సబ్ మర్‌జారైఁ నా. మై కాయ్‌కు మామూ?" అంది. అన్న కొడితే అందరూ చచ్చిపోతున్నారు కదా, ఇక నేనెందుకు అని. పదేళ్ల పిల్ల. మనసు చివుక్కుమంది. నేను చేసింది నాఇన్సాఫీ.

ఇషా చదువుకుని రూల్ పుస్తకం తిరగేశాను. అలాంటి తల్వార్ అయిదో లెవెల్ నుంచి ఇవ్వమని సలహా ఉంది. మావాడిది ఒకటో లెవెల్. అది చూస్తుంటే మా నానా గుర్తొచ్చారు. హిందూపురం మార్కెట్ నుంచి పట్టు గూళ్లు తెచ్చి దారం తీసేవారు. మరిగే నీళ్ల తొట్టి దగ్గర నేనూ కూర్చుంటానని ఏడ్చేవాణ్ణి. మొదటి ఏడు సెలవులంతా మచ్చపడ్డ గూళ్లు ఏరించారు. రెండో ఏడు పోగు కొస వెతకడం చూపించారు. మూడో ఏడు గానీ తొట్టి దగ్గరికి రానివ్వలేదు. ఆ సబర్ వల్లే నా చేతులు కాలలేదు.

కానీ ఇచ్చింది లాక్కుంటే పిల్లాడి ఇజ్జత్ ఏం కావాలి? నా మాట మీద ఎతెబార్ ఏం కావాలి? పొద్దున వాణ్ణే అడిగాను. "ఒరే బేటా, తల్వార్ నీదే. మంట మాత్రం నిద్రపోతుంది. ఎవరినైనా కాపాడ్డానికి దూస్తేనే మేలుకుంటుంది. ఒప్పుకుంటావా?" కాసేపు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత, "చెల్లి మళ్లా ఆటకొస్తుందా?" అన్నాడు.

చెల్లికి జంబీల్ ఇచ్చాను. అమీర్ హమ్జా దాస్తాన్‌లో అమర్ అయ్యార్ దగ్గరుండే సంచీ, ఏం వేసినా పట్టేది. హమ్జాకు బలముంటే అమర్‌కు జంబీల్, చాలాకీ ఉన్నాయి. అందుకే ఆ దాస్తాన్‌లో ఇద్దరి కోసమూ ఎదురుచూస్తాం. మిగతా ఇద్దరు పిల్లలకూ ఒక్కో వస్తువు దాచి ఉంచాను.

సెలవుల ఆఖరి రాత్రి బడా దేవ్ ఆ పిల్ల మీదికి దూకాడు. వీడు అడ్డం పడి చీటీ తీశాడు. 17! తల్వార్ భగ్గుమంది. నలుగురూ వేసిన కేకలకు అమ్మీ నిద్ర లేచి తిట్టింది.

మొన్న ఆపా ఫోన్ చేసింది, వాడు బండి తాళాలు అడుగుతున్నాడట. ఇవ్వాలా వద్దా అని నన్నడిగింది. నానా తొట్టి సంగతి గుర్తు చేశాను. ముందు బండి తుడవనీ, గాలి చూడనీ, లైసెన్సుకు వయసు రానీ ఆపా అన్నాను.