అమ్మ ఫోను పెట్టెయ్యలేదు

మా అమ్మ హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో పని చేస్తుంది. టోకెన్లు రాసేది, డాక్టరు ఎప్పుడొస్తారో చెప్పేది, ఫోను ఎత్తేది అన్నీ అమ్మే. తమిళం, కన్నడం, తెలుగు, ఎవరు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెప్తుంది. పోయిన వేసవిలో అక్కడ పాత ఫోన్లు తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు పెట్టినారు. వారం లోపలే గొడవ మొదలైంది.

"మాట మధ్యలోనే ఫోను పెట్టేస్తా ఉండారు" అని రోగుల ఇంటివాళ్ళు మేనేజరుకు చెప్పినారు. ఆయన కంప్యూటర్లో కాల్ లిస్టు తీసి చూపించినారు. బయటినుండి వచ్చిన ప్రతి కాల్ పక్కనా 'ముగించింది రిసెప్షన్' అని ఉంది. "నేను పెట్టలేదు సార్, అదే కట్ అయిపోతా ఉంది" అని అమ్మ చెప్తే, "మిషన్ అబద్ధం చెప్తుందామ్మా?" అన్నారంట. ఆ రాత్రి అమ్మ సరిగా అన్నం తినలేదు.

మా చిన్నమామ దినమూ బెంగుళూరు పోయి నెట్‌వర్క్ పని చేసి వస్తాడు. "కాల్ లిస్టు కాదక్కా, ఫోను లోపలుండే లాగ్ చూడాల" అన్నాడు. లాగ్ అంటే ఫోను తాను చేసిందంతా టైముతో సహా రాసుకునే డైరీ. (మా క్లాసులో ఎవరూ ఇంత ఒళ్ళు దాచుకోకుండా డైరీ రాయరు!) అయితే ఇన్నాళ్ళూ ఫోను మొరాయించినప్పుడల్లా అమ్మ వైరు పీకి మళ్ళీ పెట్టేది. దాంతో ఆ రాసుకున్నదంతా తుడిచిపెట్టుకు పోయేది.

మేనేజరును అడిగి, శనివారం సాయంత్రం మామ ఆ ఫోను ఐపీ నంబరును బ్రౌజరులో కొట్టి, పెద్ద తప్పులే కాకుండా అన్నీ రాసేటట్లు లాగ్ లెవెల్ పెంచినాడు. సోమవారం అమ్మ ప్రతి కాల్ టైమూ నోటుబుక్కులో రాసింది. వైరు మాత్రం ముట్టలేదు. రాత్రి మామ ఆ ఫైలు తెచ్చి తెరిస్తే, ఒక్క టైమూ అమ్మ రాసినదాంతో కలవలేదు. అమ్మ 10:12 అని రాసిన కాల్ లాగ్‌లో లేనే లేదు. 04:42కి మాత్రం ఒకటి ఉంది. మామ తల గోక్కుంటా ఉంటే నేను తీసివేత చేసినాను. ఐదున్నర గంటలు! గ్రీనిచ్ టైముకూ మన టైముకూ ఉండే తేడా. సోషల్ మిస్ 82½ డిగ్రీల రేఖాంశం గురించి చెప్పినప్పుడు నేను సగం నిద్రలో ఉన్నాను, అయినా ఎట్లనో గుర్తుండింది.

అక్కడినుండి ఒక్కొక్క లైనూ చదివినాము. కాల్ వస్తే 'ఇన్వైట్'. మోగితే '180 రింగింగ్'. అమ్మ ఎత్తితే మన ఫోను '200 ఓకే' పంపుతుంది. అది అందిందని అవతలినుండి 'ఆక్' రావాల. అది రాలేదు. మా అవ్వ పిలిస్తే మనం "ఆ" అనేదాకా పిలుస్తానే ఉంటుంది కదా, ఫోనూ అంతే. అర సెకనుకు ఒకసారి, ఇంకో సెకనుకు, తరువాత రెండు, నాలుగు సెకన్లకు, అట్ల '200 ఓకే' పదకొండు సార్లు పంపింది. మాట మాత్రం వినపడతానే ఉంటుంది, అందుకే అమ్మకు ఏమీ తెలియలేదు. 32 సెకన్లు కాగానే ఫోనే 'బై' అని పెట్టేసింది. ఆ లెక్క 2002లో రాసిన సిప్ నియమాల్లోనే ఉంది: అర సెకనుకు 64 రెట్లు.

అమ్మ చేసే కాల్స్ కట్ అయ్యేవి కావు. అప్పుడు 'ఆక్' పంపేది మన ఫోనే. మామకు రౌటరు మీద అనుమానం వచ్చింది. సందేశంలోని విలాసాన్ని సరిచేయడానికి రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఒకటి పెడతారు, కొన్నిట్లో అదే విలాసాన్ని చెడగొడుతుందంట. ఇది ఫోను లాగ్‌లో కనపడదు, ఆపి చూడాల్సిందే. మరుసటి దినం ఆపినాడు. కాల్స్ నిలిచినాయి.

మామ మేనేజరుకు సోమవారం కాల్స్ చూపించినాడు. అర నిమిషం దాటినవి పదిహేడు. పదిహేడూ 32 సెకన్లే. "మనిషి పెట్టేస్తే ఇట్ల వస్తుందా సార్?" అన్నాడు. ఆయన రెండు సార్లు చూసి "ఓహో" అన్నారంట. అంతే. సారీ అని అమ్మతో అనలేదు. నాకింకా కోపంగానే ఉంది.

అమ్మకు కోపం లేదు గానీ అలవాటు పోలేదు. ఇంట్లో నా సెల్లుకు ఫోను చేసినా, ముందు అసలు విషయమంతా గబగబా చెప్పేసి, తరువాతే "తిన్నావా పాపా?" అంటుంది.