కోవెంట్రీ శిథిలాలలో

ఇంగ్లాండులోని కోవెంట్రీ పాత కెథడ్రలుకు పైకప్పు లేదు. 1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులకు కాలిపోగా గోడలు, గోపురము మిగిలాయి. బలిపీఠము వెనుక గోడమీద ‘తండ్రీ, క్షమించుము’ అని చెక్కారు. ‘వీరిని’ అనే మాట లేదు! మేము అక్కడే చాలాసేపు నిలిచిపోయాము.

1961లో కొందరు జర్మను యువతీయువకులు వచ్చి, ఈ శిథిలాలలోనే సమాధాన కేంద్రము కట్టుటకు పనిచేశారు. యుద్ధకాలమున వారు పసిపిల్లలు. తండ్రి దోషము కుమారునిది కాదని యెహెజ్కేలు 18వ అధ్యాయము చెప్పుచున్నది గదా, మరి వారెందుకు రావాలి? ఎవరూ బలవంతపెట్టలేదు. వారిని పంపినది 1958లో జర్మను ప్రొటెస్టెంటు క్రైస్తవులు ప్రారంభించిన సంస్థ.

నేటికీ ఆ సంస్థ ద్వారా యువకులు పోలండుకు, ఇశ్రాయేలుకు సేవకై వెళ్తున్నారు. నాటి నిర్బంధ శిబిరాలనుండి బ్రతికి బయటపడిన ముసలివారి ప్రక్కన కూర్చుండి, వారు చెప్పేది వినడము కొందరి పని.