ముప్ఫై గ్రాముల యౌవనం

యౌవనం తూకానికి దొరికే రోజులొచ్చాయి. ముప్ఫై గ్రాముల సీసా, బంగారు రంగు మూత, లోపల వెన్నలాంటి క్రీము. ధర అడగాలంటే నగల కొట్టుకి వెళ్ళినంత గుండె దిటవు చేసుకోవాలి. ఇంతా చేసి, వయసుని వెనక్కి తిప్పుతామనే ఆ సీసా మీద, ఆ వయసులో ఆడదానికి ఒంట్లో ఏం జరుగుతుందో చిన్నక్షరాల్లోనైనా ఉండదు. అక్కడే నా పేచీ.

ముడతల గురించి పేరంటంలోనైనా మాట్లాడుకుంటాం. ముట్లుడగడం అన్న మాట ఎత్తండి, గొంతులన్నీ వంటింట్లోకి వెళ్ళిపోతాయి. మా పెద్దవదిన ఏడాదిపాటు అర్ధరాత్రిళ్ళు లేచి, తడిసిన జాకెట్టు మార్చుకుని బాల్కనీలో కూర్చునేది. "ఏమిటి వదినా?" అంటే, "ఏం లేదమ్మాయ్, ఉక్క" అనేది. జనవరిలో ఉక్క! అన్నయ్య బీపీ అనుకున్నాడు, కోడలు కోపమనుకుంది. మొహానికి మాత్రం కొడుకు కొనిచ్చిన క్రీము రెండు పూటలా రాస్తూనే ఉంది పాపం.

క్రీములన్నీ బూటకమని నేననను. ముట్లుడిగిన మొదటి అయిదేళ్ళలోనే చర్మంలో కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందంటారు. రెటినాయిడ్ మందు నెలల తరబడి రాస్తే సన్నగీతలు కాస్త తగ్గుతాయి. సన్‌స్క్రీన్ ఎండ దెబ్బనుంచి కాపాడుతుంది. కొలాజెన్ కలిపామనే క్రీముల సంగతి వేరు. ఆ అణువు చర్మం గుమ్మం దాటలేనంత లావు!

అర్ధరాత్రి ఆవిర్లకి క్రీము లేదు. ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల వచ్చేవవి. దాన్ని మందుగా ఇవ్వడమే హార్మోన్ వైద్యం. దీనికీ యౌవనం బేరం అంటుకుంది. 1942లో అమెరికాలో ప్రిమారిన్ అనే మాత్ర వచ్చింది, చూలు గుర్రాల మూత్రంనుంచి తీసినది. (ఆవు పంచితమంటే ముక్కు మూసుకునేవాళ్ళు వింటున్నారా?) 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరుగారు 'ఫెమినైన్ ఫరెవర్' అని పుస్తకం రాసి, ముట్లుడగడం ఒక లోపం జబ్బనీ, మాత్ర మింగితే నిత్యయౌవనమనీ తేల్చేశారు. ఆయన పడ్డారు గనకనా! 1975లో ఒట్టి ఈస్ట్రోజెన్‌తో గర్భసంచి క్యాన్సరు భయం ఉందని తెలిసింది, ప్రొజెస్టిన్ జతచేశారు. 2002లో ఆ జంటమాత్రల మీద పెద్ద పరిశోధనని, రొమ్ము క్యాన్సరు కొంచెం పెరుగుతోందని మధ్యలోనే ఆపేశారు. అంతే, లోకమంతా బెదిరింది. అందులో చేరినవాళ్ళ సగటు వయసు 63 అన్నది ఎవరి చెవికీ ఎక్కలేదు.

అరవై లోపు, ముట్లుడిగి పదేళ్ళు దాటకుండా మొదలుపెడితే, ఆవిర్లతో అల్లాడే చాలామందికి నష్టంకన్నా లాభమే ఎక్కువని ఇప్పుడు వైద్యుల మాట. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళకీ, రక్తం గడ్డలు కట్టినవాళ్ళకీ సాధారణంగా ఇవ్వరు. వాళ్ళకి హార్మోను లేని మందులున్నాయి. ముడతలకోసమని మాత్రం ఎవరూ మింగనక్కర్లేదు.

నా బెంగ ఇంకొకళ్ళ గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ లెక్కలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫై అయిదేళ్ళ పిల్లకైనా రాత్రికి రాత్రే ముట్లుడిగినట్టు. అడ్డం లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసుదాకా హార్మోన్లు వాడాల్సింది, ఎముకలకోసమైనా, వీళ్ళే. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి రెండూ తీసేశారు. ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితం తెచ్చి చదివిపెట్టమంది. కుట్లు విప్పే తేదీ ఉంది, బలానికి టానిక్కు ఉంది. వెనక్కి తిప్పి కూడా చూశాను.