రాజుకే ‘వద్దు’ చెప్పిన పిల్ల

భోజనాలయ్యాక మా ఇంట్లో ఇప్పుడు కొరియా రాజులదే రాజ్యం. 2021లో వచ్చిన ‘ది రెడ్ స్లీవ్’ సీరియల్ రెండోసారి చూస్తున్నాం. యువరాజు మనసు విప్పితే అంతఃపురంలో పనిచేసే దొక్‌ఇమ్ ఒప్పుకోదు. చరిత్రలోనూ ఆవిడ రెండుసార్లు కాదందట. ‘పొగరు’ అంది చెల్లి. నాకు ఆ పొగరే నచ్చింది. హీరో చెయ్యి పట్టుకు లాగడాలు చాలు బాబూ!

అవ్వ పాల్కోవా చప్పరిస్తూ, ‘మన ఆండాళ్ మాత్రం? రంగనాథుణ్ణి తప్ప ఎవర్నీ చేసుకోనంది కదే’ అంది. నిజమే. ఆ ప్రేమకథను తెలుగులో ‘ఆముక్తమాల్యద’గా రాసిందీ రాజే, కృష్ణదేవరాయలు. ఆవిడ గుడి మాల ఇప్పటికీ ఏటా గరుడసేవకి మా శ్రీవిల్లిపుత్తూరు నుంచి తిరుమల వెళ్తుంది.

ఇలాంటి రాజుల సీరియల్ ఇంకోటుంటే చెప్పండి. చివర్లో హీరోయిన్ చనిపోకూడదు, అవ్వ ఏడుస్తుంది.