డ్యూయెట్లో గడ్డి వేరు... వాకిట్లో గడ్డి వేరు!

హీరో హీరోయిన్ని వెంటాడుతూ పచ్చిక మీద దొర్లని డ్యూయెట్లు మన సినిమాల్లో ఎన్ని వుంటాయి చెప్పండి? మీరు వాళ్ళ డ్రస్సులు చూస్తారు, స్టెప్పులు చూస్తారు. నేను మాత్రం కొంతకాలంగా వాళ్ళ కాళ్ళ కింద గడ్డి చూస్తున్నాను! సినిమా వ్యాసాలు రాసుకునేవాడికి యిదేం రోగమంటారా? కారణం మా అమ్మ.

అమ్మకి కిందటేడు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు, కానీ నేల ఎగుడుదిగుడుగా వుండకూడదని షరతు పెట్టారు. టైల్స్ మీద జారిపడతానని ఆవిడ భయం. హైదరాబాద్ శివారులో మా యింటి ముందు 300 చదరపు అడుగుల ఖాళీ జాగా వుంది. "ఒరే నాన్నా, ఆ పాటల్లోలాగా మెత్తగా యింత పచ్చిక వేయించరా, చెప్పుల్లేకుండా నడుస్తాను" అంది. నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. మర్నాడే నర్సరీలకి బయల్దేరాను.

అసలు చిక్కు 'ఆ పాటల్లోలాగా' అన్న మాటలోనే వుంది. మైసూరు బృందావన్ గార్డెన్స్ కృష్ణరాజసాగర్ ఆనకట్టని ఆనుకుని వుంటుంది, నీళ్ళకేం కరువు? ఊటీ 2,200 మీటర్ల ఎత్తున వుంటుంది. స్విట్జర్లాండ్ సంగతి చెప్పక్కర్లేదు. చలిదేశాల గడ్డి జాతులకి 15 నుంచి 24 డిగ్రీల మధ్య వుంటే ప్రాణం హాయి. వింబుల్డన్ టెన్నిస్ కోర్టుల్లో 2001 నుంచీ పూర్తిగా రై గడ్డే వేస్తున్నారు. కెంటకీ బ్లూ అని యింకోటుంది, పేరు హాలీవుడ్ తారలా వుంటుంది. మన మే నెల యెండకి అలాంటివాటికి మొదటి రీల్లోనే శుభం కార్డు పడిపోతుంది!

నర్సరీ అతను మెక్సికన్ లాన్ చూపించాడు. "సార్, సినిమావాళ్ళ బంగళాల్లో అంతా యిదే!" నేనెవరో యెలా పసిగట్టాడో మరి! నిజానికి అది జోయిసియా జాతి. సొంతవూరు తూర్పు ఆసియా, మెక్సికో కాదు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు జోయిస్ పేరు పెట్టారు. మఖమల్లా వుంటుంది, నిదానంగా పెరుగుతుంది, కాస్త నీడనీ ఓర్చుకుంటుంది. కానీ సన్నాకు రకాలు కత్తిరించకుండా వదిలేస్తే గుబురు కట్టి మెట్టలు మెట్టలుగా వుబ్బుతాయి. ఫొటోకి అందం, అమ్మ మోకాలికి గండం.

తర్వాత వెడల్పాకుల కార్పెట్ గడ్డి. చెట్టు నీడలో బాగా వస్తుందిగానీ నీళ్ళు యెక్కువ తాగుతుంది. మా బోరు ఏప్రిల్లోనే దగ్గడం మొదలెడుతుంది. ఒక లెక్క చెప్తాను వినండి. 300 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం నీరు పెట్టాలంటే సుమారు 700 లీటర్లు కావాలి. వారానికోసారి ఆ మాత్రం పెట్టాలన్నా యెండాకాలంలో ట్యాంకరే గతి.

చివరికి అతను విసుగ్గా "పోనీ బెర్ముడా తీసుకోండి" అన్నాడు. దగ్గరికెళ్ళి చూద్దును కదా, మన గరిక! వినాయకుడి పూజకి తెచ్చే దూర్వాయుగ్మమే యింగ్లీషు పేరు పెట్టుకుని కూర్చుంది. మారువేషంలో వచ్చిన మన వూరి పిల్లన్నమాట! పైన తీగలు, లోపల దుంపవేర్లు, రెండువైపులా పాకుతుంది. నీళ్ళు లేకపోతే గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది, వాన పడగానే లేస్తుంది. క్రికెట్ మైదానాల్లో అంత తొక్కిడికీ తట్టుకునేది యిదే.

ఒక్కటే పేచీ. రోజుకి కనీసం ఆరు గంటల యెండ కావాలి. మాకేమో మూలన వేపచెట్టు. కొట్టేద్దామంటే అమ్మ వూరుకుంటుందా? మేడ యెక్కి వుదయం ఎనిమిదికీ, పన్నెండుకీ, సాయంత్రం నాలుగుకీ నీడ యెక్కడిదాకా వస్తోందో గుర్తు పెట్టుకున్నాను. గడ్డి కొనేముందు మీరూ యీ పని చేయండి, ఖర్చు లేదు. వేప కింద గడ్డి మానేసి కుర్చీ వేశాం. నర్సరీ అతను మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

పోయిన జూన్లో తొలి వానలకి అడుగులోతు తవ్వించి తుంగదుంపలన్నీ యేరించాను. ఒక్క దుంప మిగిలినా మళ్ళీ మొలుస్తుంది, సీక్వెల్లో విలన్లాగా! కడియం నుంచి అల్లుకున్న గడ్డి చాపలు కూడా వస్తాయి, పరిచిన రోజే పచ్చదనం. నా జేబుకి పిలకలే సరిపోయాయి. నాలుగంగుళాలకొకటి నాటితే రెండు నెలల్లో నేల కప్పేసింది. ఒకటిన్నర అంగుళాల యెత్తున కత్తిరిస్తాను. ఒకేసారి మూడోవంతుకి మించి కోయకూడదు.

అమ్మ పొద్దున్నే చేతికర్రతో ఇరవై చుట్లు తిరుగుతోంది. వినాయక చవితినాడు వీధిలో పిల్లలంతా గరిక కోసం గేటు ముందు నిలబడ్డారు. "గోడవారగా కోసుకోండర్రా, నేను నడిచేచోట ముట్టుకున్నారంటే వూరుకోను!" అని అమ్మ కర్ర యెత్తింది.