ఎక్కిన ప్రతి గుమ్మమూ లెక్కలోకే

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులవారు అడిగినప్పుడు, వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం గనుక ఏ మధుమేహం గురించో, రక్తపోటు గురించో వ్రాస్తామని అనుకొని ఉంటారు. ఆ సంగతులు ఆస్పత్రిలో రోజూ చెబుతూనే ఉన్నాం. ఈసారి మాకే వచ్చిన ఒక జబ్బు గురించి చెప్పుకుంటాం. అది ఒంటికి వచ్చిన జబ్బు కాదు, పరపతికి వచ్చినది. ఊళ్ళో సహకార పరపతి సంఘం బోర్డు మీద చిన్నప్పటి నుంచీ ఆ మాట చూస్తూనే ఉన్నా, దాని అర్థం మాకు స్కోఫీల్డ్స్ వచ్చాకగానీ తెలియలేదు.

కర్నూలులో ఎం.బి.బి.ఎస్. చదివి 2018లో ఈ దేశం వచ్చాం. పరీక్షలూ, పల్లెటూరి ఆస్పత్రి ఉద్యోగమూ అయ్యాక, 2021 మొదట్లో సిడ్నీకి మారి స్కోఫీల్డ్స్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఒకప్పుడు నౌకాదళ విమానస్థావరం ఉన్న మైదానాల చుట్టూ వీధికి వీధి కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. సాయంత్రం నడకకు వెళితే, "మనకూ ఒకటి ఉంటే" అని మా ఆవిడా అనేది, మేమూ అనుకునేవాళ్ళం.

కొత్త కాపురం గనుక అన్నీ కావాలి. వడ్డీ లేని వాయిదాల మీద సోఫా, కారుకు అప్పు, నెలనెలా బిల్లు కట్టే ఫోన్లు రెండు, విమానం పాయింట్లు వస్తాయని ఒక క్రెడిట్ కార్డు, మొదటిదానికన్నా ఎక్కువ పాయింట్లు వస్తాయని ఇంకొకటి. ప్రతిచోటా "రెండు నిమిషాల పని, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాం. ఆరు నెలల్లో ఆరు సంతకాలు.

ఆ నవంబరులో ఇంటి అప్పుకు ఒక బ్యాంకులో దరఖాస్తు పెడితే కాదన్నారు. జీతం చాలదా అంటే చాలునన్నారు. కారణం మాత్రం తేటగా చెప్పలేదు. డల్లాసులో ఉన్న మా బావకు ఫోను చేశాం. "ఇందులో దిగులెందుకురా, నెలలోపల ఎంతమందిని అడిగినా స్కోరుకు ఒక్కటే లెక్క. నలుగురినీ అడుగు" అన్నాడు. మూడు వారాల్లో మరో మూడు చోట్ల పెట్టాం. మూడు చోట్లా లేదన్నారు.

బావ చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో ఇంటి అప్పుకోసం కొద్ది వారాల వ్యవధిలో నలుగురిని అడిగితే స్కోరు కట్టేటప్పుడు ఒక్కటిగా లెక్కిస్తారు. ఇక్కడ ఆ ధీమా పనికిరాదు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ, అప్పు పుట్టినా పుట్టకపోయినా, విడిగా ఒక ఎంక్వయిరీ నమోదవుతుంది. అమెరికా రిపోర్టులో అది రెండేళ్ళుంటే ఇక్కడ ఐదేళ్ళుంటుంది. మన దేశంలో 108 అని వ్రాసే రక్తంలో చక్కెరను ఇక్కడ 6 అని వ్రాస్తారు. ఒక దేశపు కొలతతో ఇంకో దేశపు రోగిని చూడకూడదని జూనియర్లకు చెప్పే మేమే ఆ తప్పు చేశాం.

అప్పుడు బుద్ధివచ్చి మా క్రెడిట్ రిపోర్టు తెప్పించుకున్నాం. మన రిపోర్టు మనం మూడు నెలలకోసారి ఉచితంగా అడగవచ్చు. ఆ లెక్కలు ఉంచేవి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ఇలియన్ అనే సంస్థలు (ఇలియన్‌ను 2024లో ఎక్స్‌పీరియన్ కొన్నది). కేసుషీటు చదివినట్టు చదివాం. పది ఎంక్వయిరీలు వరుసగా ఉన్నాయి. వాటికింద మేము ఎరగని ఒక డిఫాల్టు. పల్లెటూరి ఇల్లు ఖాళీ చేసినప్పటి చివరి కరెంటు బిల్లు, 212 డాలర్లు. నూటయాభై డాలర్లు దాటిన బాకీ అరవై రోజులు మించితే, నోటీసులిచ్చి అలా నమోదు చేయవచ్చు. నోటీసులు పాత ఇంటికే వెళ్ళాయి. కొత్త చిరునామా మేము ఇవ్వలేదు. ఎవరినీ అనడానికి లేదు.

నాన్నగారికి రెండు నెలలు చెప్పలేదు. ఆయన జీవితంలో ఒక్క ప్రోనోటు వ్రాయని మనిషి. చివరికి చెప్పినప్పుడు కోప్పడలేదు. "ఒకే వారంలో నాలుగు గుమ్మాలు ఎక్కినవాడికి ఐదోవాడు ఇవ్వడురా. ఉన్న బాకీని చూసి కాదు, ఆ తిరుగుడు చూసి భయపడతారు" అన్నారు. మేము నెలల తరబడి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఆ వెంటనే, "మెట్టపొలం రెండెకరాలు అమ్మి పంపనా?" అన్నారు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. వద్దన్నాం. ఇది డబ్బుతో తీరేది కాదు, కాలంతో తీరేది.

ఆస్పత్రిలో ఒక సంగతి చూస్తుంటాం. రోగికి ఏమైందో తెలుసుకోవాలని రోజుకు నాలుగుసార్లు రక్తం తీస్తే, ఆ తీయడంవల్లనే రక్తహీనత వస్తుంది. అప్పుడు చేయవలసిన మొదటి వైద్యం సూది పక్కన పెట్టడం. మేమూ అదే చేశాం.

బాకీ ఆనాడే కట్టాం. "చెల్లించారు" అని పడిందిగానీ ఆ నమోదు చెరగలేదు. ఐదేళ్ళు ఉంటుంది. తప్పుగా పడినదైతే ఉచితంగానే దిద్దించుకోవచ్చు. నిజమైనదాన్ని ఎవరూ చెరపలేరు. స్కోరు బాగుచేస్తాం, వెయ్యి డాలర్లివ్వమన్న ఒకాయనకు నమస్కారం పెట్టి వచ్చాం. ఒక కార్డు మూసేశాం. రెండోదాని పరిమితి తగ్గించాం, ఎందుకంటే మనం వాడకపోయినా బ్యాంకువారు ఆ పరిమితినంతా అప్పుగానే చూస్తారు. వాయిదాలన్నీ ఖాతానుంచి వాటంతటవే పోయేటట్లు పెట్టాం. గడువు దాటి పద్నాలుగు రోజులు మించితే ఆ నెల ఆలస్యంగా పడుతుంది. ఇరవైనాలుగు నెలల చరిత్ర బ్యాంకువారికి కనిపిస్తుంది. ఆ ఇరవైనాలుగూ శుభ్రంగా ఉండాలని పట్టుపట్టాం. మూడు నెలలకోసారి మా రిపోర్టు మేము చూసుకున్నాం. మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అది నాడి పట్టి చూసుకోవడంలాంటిది, సూది గుచ్చడం కాదు.

వ్రాయడానికి ఇంత తేలికగా ఉంది. 2023 జనవరి ఎండల్లో ఫ్రిజ్ ఆగిపోయింది. కొట్టులో కుర్రవాడు "వడ్డీ లేదు డాక్టర్, రెండు నిమిషాల పని" అన్నాడు. మా ఆవిడ మా మొహం వంక చూసింది. మెల్‌బోర్న్ వెళ్ళిపోతున్న ఒక తెలుగువారి దగ్గర పాత ఫ్రిజ్ రెండువందలకు కొని తెచ్చుకున్నాం. రాత్రంతా గుర్రుమనేది, పాలు మాత్రం విరగనివ్వలేదు.

ఈ ఓపిక ఊరికే రాలేదు. మేము మొదట అడిగినప్పుడు రిజర్వ్ బ్యాంకు వడ్డీరేటు 0.10 శాతం. 2022 మే నుంచి పెరుగుతూ 2023 నవంబరుకు 4.35కి చేరింది. మధ్యలో అద్దె ఇంటివారు ఖాళీ చేయమంటే, పెట్టెలు సర్దుకొని రెండు వీధుల అవతలికి మారాం. ఈసారి కరెంటువారికి చిరునామా ముందే ఇచ్చాం.

2024లో ఒక బ్రోకరుగారి దగ్గరికి మా రిపోర్టు మేమే పట్టుకొని వెళ్ళాం. దరఖాస్తు ఎక్కడా పెట్టకుండా, చెల్లించేసిన చిన్న డిఫాల్టు ఉన్నవారిని ఏ బ్యాంకు ఒప్పుకుంటుందో ముందు విచారించమన్నాం. ఆయన వారంరోజులు విచారించి ఒక పేరు చెప్పారు. ఒకే ఒక్క దరఖాస్తు పెట్టాం. మంజూరైంది. వడ్డీ ఇతరులకన్నా కాస్త ఎక్కువే.

పాలు పొంగించిన రోజు వీడియోలో నాన్నగారికి ఇల్లంతా చూపించాం. గదులు ఎన్నని అడగలేదు. "ఈసారి ఎంతమందిని అడిగావురా?" అన్నారు. ఒక్కరినే అన్నాం. "మంచిది" అని, మెట్టపొలంలో కంది బాగా కాసిందన్నారు.

కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మనవి ఇంతే. రెండు నిమిషాల పని అన్నవాడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అందులో పడే గీత ఐదేళ్ళుంటుంది. ఇల్లు మారినప్పుడు సామానుకన్నా ముందు చిరునామా మార్చండి. గుర్రుమనే ఫ్రిజ్ ఇంకా మా గరాజులో పనిచేస్తూనే ఉంది. కావలసినవారు వచ్చి తీసుకువెళ్ళవచ్చు, సంతకాలు అక్కరలేదు.